బొట్టు పెట్టని వీధి

జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన పటంలో ఆ మండలమంతా ఆకుపచ్చగా ఉంది. ఆకుపచ్చ అంటే అక్కడ భయపడాల్సిందేమీ లేదని అర్థం. భయపడాల్సిందేమీ లేని ఆ మండలంలో, సుంకులకొట్టాల అనే ఊళ్ళో, వాంతులూ బేదులతో ఆ వారం ఇద్దరు పోయారు. ఒకరు కింద వీధి రాములమ్మ. రెండోది ఇంకా అడుగులు కూడా నేర్వని పసిబిడ్డ.

రత్నమణి ఆ ఊరి నర్సమ్మ. ఆరోగ్య కేంద్రం గోడకు కొట్టిన పటం ముందు నిలబడి తన ఊరు ఎక్కడుందో వేలితో వెతికింది. మండలాల హద్దులే తప్ప అందులో ఊళ్ళు లేవు. మైలవరం రిజర్వాయరు నీలం మరక పక్కన ఎక్కడో ఉండాలి. ప్రొద్దుటూరు మాత్రం ఎర్రగా కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"రంగులు నేను వేయలేదండీ రత్నమణి గారూ," అన్నాడు డాక్టరు. తెనాలి వైపు మనిషి, వచ్చి ఏడాది కాలేదు. "మండలం మొత్తం మీద ఎన్ని కేసులో అదే చూస్తారు వాళ్ళు. ఇంత జనంలో మీ ఊరి కేసులు కలిపితే ఎక్కడో కొట్టుకుపోతాయి."

"మా ఊరోళ్ళు సగం మంది ప్రొద్దుటూరులో ఉండారు సార్. ప్రైవేటు డాక్టర్ల కాడ సెలైన్లు ఎక్కిచ్చుకుంటాండారు."

"అక్కడ చేరినవాళ్ళు అక్కడి లెక్కలో పడతారు. ప్రొద్దుటూరు ఎరుపు అందుకే కదా."

"నీళ్ళు తాగింది ఈడ. రోగం వచ్చింది ఈడ. ఎరుపు మాత్రం ఆడనా సార్?"

డాక్టరు నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. ట్యాంకర్లూ బ్లీచింగు పొడీ ఎర్ర రంగున్న చోటికే పోతున్నాయని, పైనుంచి వచ్చిన ఆర్డరే అదని, తాను రెండుసార్లు ఫోను చేసి చెప్పినా 'మీది గ్రీను కదా' అన్నారని చెప్పాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు. గట్టిగా అడిగే మనిషీ కాడు. గోడకున్నది మామూలు కాగితం, నాలుగు మేకులు పీకితే ఊడి వస్తుంది. కానీ దాని మాట ముందు రెండు శవాలు కూడా చెల్లలేదు.

సుంకులకొట్టాలలో వీధులు రెండే. బడికి ఎగువన పై వీధి, దిగువన కింద వీధి. ఒక్కో వీధికి ఒక్కో రెడ్డి. వాళ్ళకు పేర్లున్నా ఊళ్ళో ఎవరూ పేరు ఎత్తరు. పై వీధి రెడ్డి, కింద వీధి రెడ్డి, అంతే. టీ అంగళ్ళు రెండు, బియ్యం డీలర్లు ఇద్దరు, బస్సు ఆగే చోట్లు కూడా రెండు. బాంబుల మోత విని రెండేళ్ళయింది కాబట్టి ఊరు చల్లబడిందని జమ్మలమడుగులో పోలీసులు చెప్పుకుంటారు. చల్లబడిందో, ఊపిరి బిగపట్టిందో ఊరికే తెలియాలి.

బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరింట మొదట మంచినీళ్ళు తాగితే ఆ వీధి మనుషులైపోతారు. టీచరైనా, కరెంటాయనైనా, నర్సమ్మైనా అంతే. రత్నమణిది వేముల. భర్త పేతురు పులివెందులలో బడిపంతులు. ఉద్యోగం వచ్చి ఈ ఊళ్ళో బస్సు దిగిన రోజు ఎండకు తాళలేక, చర్చి మనిషని ఎవరో చూపిస్తే కింద వీధి కమలమ్మ ఇంట్లో చెంబుడు నీళ్ళు తాగింది. ఆ ఇంట్లోనే గది తీసుకుంది. దాంతో ఆమె కింద వీధి నర్సమ్మ అయింది. పై వీధిని అలీ అహ్మద్ అనే హెల్త్ అసిస్టెంటు చూసుకునేవాడు. అతను బదిలీ అయి పోయాక ఆ పోస్టు ఖాళీ. పై వీధిలో పిల్లలకు సూదులు వేయాలన్నా తల్లులే బడి దగ్గరికి తీసుకురావాలి. ఆమె ఆ ఇండ్ల గడప తొక్కడానికి లేదు. ఎవరో వద్దని చెప్పిందీ లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

నీళ్ళు మాత్రం ఊరంతటికీ ఒకే ట్యాంకు నుంచి వస్తాయి. పై వీధి చివర ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాన్ని కాంట్రాక్టు పట్టి కట్టించింది పై వీధి రెడ్డి. ఆయన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు కట్టింది కాబట్టి ఆ ట్యాంకు మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద నుంచి రెండు పైపులు, వీధికొకటి.

* * *

మరుసటి రోజు కమలమ్మ, రత్నమణి ప్రొద్దుటూరు బస్సెక్కారు. కమలమ్మ మరిది ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె చేతిసంచిలో అన్నం క్యారియరుతో పాటు నిండుగా నీళ్ళ సీసాలు ఉన్నాయి.

"ఏందక్కా ఇన్ని సీసాలు?"

"ప్రొద్దుటూరు నీళ్ళు తాగొద్దంట మేయ్. పేపర్లో పటం ఏసినారు సూడలా? ఆ ఊరంతా నెత్తర మాదిరి ఉండాది. అందుకే మన నీళ్ళు తీసుకుపోతాండా."

"మన ట్యాంకు నీళ్ళేనా?"

"ఇంగ యాటివి?"

"కాంచినావా?"

"కాంచేదానికి కట్టెలు యాడుండాయి? అయినా మనది పచ్చగా ఉండాది గదా పేపర్లో."

రత్నమణికి ఏడుపొచ్చినంత పనైంది. కాచి తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పింది. రాములమ్మను పూడ్చిన రోజు కూడా చెప్పింది. ఇంతమంది ముందు నోరు నొప్పి పుట్టేలా చెప్పిన మాట ఒక పక్క, పేపర్లో అగ్గిపెట్టెంత బొమ్మ ఒక పక్క. బొమ్మే గెలిచింది. సీసాలు లాక్కుని కిటికీలోంచి పారబోసింది. కమలమ్మ బస్సంతా వినపడేలా తిట్టింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి బోసిపోయి ఉంది. పెళ్ళిళ్ళ కాలంలో అడుగు పెట్టడానికి సందు దొరకని చోట, సేట్లు ఫ్యాన్ల కింద పేపరు పరుచుకుని కూర్చున్నారు. ఊళ్ళవాళ్ళు ఎర్ర ఊరికి రావడానికి భయపడుతున్నారు. మునిసిపాలిటీ ట్యాంకర్లు రెండు ఆ వీధి మొదట్లో నిలబడి ఉన్నాయి. కుళాయిల్లో మంచినీళ్ళే వస్తున్నాయి కాబట్టి వాటి దగ్గరికి ఎవరూ వెళ్ళడం లేదు. డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. రత్నమణి ఆ ట్యాంకర్ల వైపు చాలాసేపు చూసింది.

ఆసుపత్రిలో కమలమ్మ మరిదిని చూసి వస్తూ దారిలో మున్వర్ ఫ్యాన్సీ అంగడి దగ్గర ఆగింది. పెద్ద చార్టు కాగితం, స్కెచ్ పెన్నులు, స్టిక్కరు బొట్ల అట్టలు అడిగింది. ఎర్రవి, నల్లవి.

"నువ్వు బొట్టు పెట్టుకోవు గదమ్మా, ఎవురికి ఇన్ని?" అన్నాడు మున్వర్.

"మా ఊరికి పెడ్తానన్నా," అంది రత్నమణి.

* * *

ఆ సాయంత్రం కమలమ్మ వసారాలో చార్టు పరిచి, నాలుగు మూలలా నాలుగు డబ్బాలు పెట్టి ఊరు గీసింది. పేతురు బడిలో పిల్లలతో ఇలాంటివి గీయిస్తుంటే చాలాసార్లు చూసింది. మధ్యలో బడి, ఎగువన ట్యాంకు, రెండు వీధులు, వీధికి రెండు పక్కలా ఇండ్లు. తనకు తెలిసిన ఇంటికి తలుపు ఎటుందో కూడా గీసింది. తెలియని పై వీధి ఇండ్లు వరసగా చతురస్రాలు గీసి వదిలేసింది. మనిషి పడ్డ ఇంటి మీద ఎర్ర బొట్టు, పోయిన ఇంటి మీద నల్ల బొట్టు అంటించింది. ఎవరింట్లో ఎవరు పడ్డారో కమలమ్మ పక్కన కూర్చుని చెబుతూ పోయింది. సీసాల కోపం మరిచిపోయింది. కింద వీధి చూస్తుండగానే ఎర్రబడింది.

పై వీధి సంగతి తెలుసుకోవాలని చీకటి పడకముందే బడి దగ్గరికి పోయింది. అక్కడి టీ అంగట్లో జమాల్ కనబడ్డాడు. పై వీధి రెడ్డి జీపు నడుపుతాడు.

"జమాలన్నా, మీ పక్క ఎవురికన్నా వాంతులు, బేదులు ఉండాయా?"

"మాకేం రోగం నర్సమ్మా? మా రెడ్డి కట్టిచ్చిన ట్యాంకు నీళ్ళు. గుండ్రాయి మాదిరి ఉండాం," అన్నాడు జమాల్ నలుగురికీ వినపడేటట్టు.

సరేనని వెనక్కి వచ్చి పై వీధిని తెల్లగానే వదిలింది.

పొద్దున రత్నమణి బడి గోడకు పటం అంటించింది. మాట జమ్మలమడుగు దాకా పోయింది. కింద వీధి రెడ్డికి కోపం వస్తే ఎక్కడికైనా పోతుంది. ఫోను మీద ఫోను చేసి, మధ్యాహ్నానికల్లా మండలాఫీసరునీ నీళ్ళ ఇంజినీరునీ ఊళ్ళో దించాడు. వాళ్ళు ఊరు తిరగలేదు. తిరగాల్సిన పని లేదు, ఊరంతా గోడ మీదే ఉంది. ఇంజినీరు పెన్ను తీసి ఎర్ర బొట్ల మీదుగా ఒక గీత లాగాడు.

"ట్యాంకు బాగున్నట్టే. బాగా లేకపోతే పై వీధిలోనూ పడాలి కదా. కింద వీధి పైపు మురికికాలవ దగ్గర ఎక్కడో పగిలింది. ఆ పైపు కట్టేసి ఈ వీధికి ట్యాంకరు పెడదాం."

రత్నమణికి ఆ మాట తేనెలా వినిపించింది. అన్ని రోజులు గొంతు చించుకున్నా కానిది బొట్లు పెడితే గంటలో అయింది. డాక్టరు కూడా వచ్చి పటం చూసి, "భలే చేశారండీ" అన్నాడు. ప్రొద్దుటూరులో నిద్రపోతున్న ట్యాంకరే కాబోలు, సాయంత్రానికి కింద వీధి మొదట్లో వచ్చి ఆగింది. ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టారు. కమలమ్మ మొదటి బిందె నింపుకుని ఆమె వైపు చూసి గర్వంగా తల ఎగరేసింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. బడి గోడ దగ్గర జనం పెరిగారు. పై వీధివాళ్ళు కూడా గుంపుగా వచ్చి చూశారు. "సూడప్పా మన వీధి ఎంత తెల్లగా ఉండాదో," అని ఒకరికొకరు చూపించుకున్నారు. కింద వీధివాళ్ళు అదే తెలుపు చూసి వేరే మాట అన్నారు. "ఆ పక్క ఒక్కరికీ రాకుండా మన పక్కనే ఎట్ల వచ్చింది? మన పైపులో ఏం కలిపినారు?" ఒకే కాగితం. ఒక వీధికి గొప్ప, ఇంకో వీధికి పగ. కాచి తాగమనే మాట మాత్రం ఏ వీధికీ కనబడలేదు.

* * *

మరునాడు ఎస్సై వచ్చాడు. బూట్లతో నేల తన్నుకుంటూ పటం ముందు అటూ ఇటూ తిరిగాడు.

"ఎవురు గీసింది ఇది?"

"నేనే సార్."

"ఇండ్లు గీసి, ఇండ్ల మీద ఎర్ర గుర్తులు పెడ్తే ఈ పక్క దాన్ని ఏమంటారో తెలుసునా? ఇట్లాంటి కాగితమే పోయినేడు ఒకని జోబిలో దొరికింది. దాంట్లో బొట్లు ల్యావు, ఇంటూ మార్కులు ఉండాయి. అంతే తేడా."

"ఇది రోగుల పటం సార్. ఎవురింట్లో జబ్బు ఉండాదో..."

"అన్నీ ఒక పార్టీ ఇండ్లే గదా?"

రత్నమణి పటం మీది ఎర్ర బొట్ల వైపు చూసింది.

ఎస్సై గొంతు తగ్గించాడు. కోపం పోయి, ఏదో మంచి చెప్పేవాడిలా దగ్గరికి వచ్చాడు. "సూడమ్మా. మేం కేసు కట్టేటప్పుడు ఒక పక్క పదిమందిని పెడ్తే, ఇంకో పక్క పదిమందిని పెడ్తాం. తప్పు ఎవురిదైనా సరే. అప్పుడే ఊరు సల్లగా ఉంటాది. నువ్వూ అట్లే చెయ్. ఈ పక్క పెట్టినకాడికి ఆ పక్కా అంటించు. ల్యాదంటే పీకేయ్. రేపటి దాకా టైమిస్తాండా."

"రోగానికి పార్టీ ల్యాదు సార్."

"మరి నీ పటంలో ఉండాదే!"

ఆ మాటకు ఆమె ఒళ్ళు భగ్గుమంది. ఇంతకంటే సిగ్గుమాలిన సలహా తన ఉద్యోగంలో వినలేదనుకుంది. జబ్బు లేని ఇంటి మీద బొట్టు పెట్టడమా? చచ్చిన రాములమ్మకు జోడీగా ఎగువన బతికున్న ఎవరినో చంపి చూపించడమా? ఆరోగ్య కేంద్రానికి పోయి డాక్టరు దగ్గర మొరపెట్టుకుంది. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, "రెండో మూడో అంటిస్తే పోయేదేముందండీ, గొడవ వదులుతుంది కదా," అన్నాడు.

"అబద్ధం అంటించను సార్," అంది రత్నమణి. "కావాలంటే నా ఉద్యోగం పీకండి, బొట్టు మాత్రం పెట్టను."

ఇంటికి వచ్చేదాకా ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉంది. ఇంతమంది మగవాళ్ళ మధ్య నిజం పక్కన తానొక్కతే నిలబడ్డాననుకుంది.

* * *

తెల్లవారి బడి దగ్గర పిల్లల బరువులు తూస్తుంటే సర్దార్ వచ్చాడు. పై వీధిలో కుట్టు మిషను పెట్టుకున్న మనిషి. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పటం వైపు చూడకుండా, ఆమె వైపూ చూడకుండా, త్రాసు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ఉప్పు చక్కెర పొడి ప్యాకెట్లు ఉంటే నాలుగు ఇయ్యమ్మా."

"ఎవురికన్నా?"

"మైలవరంలో మా సుట్టాలకు."

"మైలవరంలో ఆరోగ్య కేంద్రం ఉండాది గదా?"

సర్దార్ టేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. చొక్కా అంచుకు వాంతి మరక, కడిగినా పోనిది. రత్నమణి త్రాసులోని బిడ్డను తల్లికి అందించి లేచింది.

"ఎవురికన్నా నిజం చెప్పు."

"షాహీదాకు," అన్నాడు సర్దార్. "మా ఇంటామెకు. మొన్నటి నుంచి. కడుపుతో ఉండాది."

రత్నమణి సంచి భుజాన వేసుకుని నడిచింది. బడి దాటి ఎగువకు తిరగగానే టీ అంగట్లో మాటలు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఉంటోంది. పై వీధి మట్టి చెప్పులకు అంటడం అదే మొదటిసారి. ఎవరూ ఆపలేదు. ఆపుతారని ఇన్నాళ్ళూ అనుకోవడమే తప్ప, ఎప్పుడూ నడిచి చూడలేదు.

షాహీదాబీ చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు లోతుకు పోయాయి. రత్నమణి ఆమె చేతి మీది చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడింది. నాడి దొరకడానికి చాలాసేపు పట్టింది. తలగడ పక్కన నీళ్ళ చెంబు ఉంది.

"ఈ నీళ్ళేనా పోస్తాండేది?"

"దప్పిక అంటే పోస్తాండా," అన్నాడు సర్దార్.

"కాంచినావా?"

"యాలకి కాంచేది? మా నీళ్ళు మంచివి గదా. నీ పటంలో మా పక్క ఒక్క బొట్టు ల్యాదు. నేనూ పోయి సూసినా. షాహీదాకు గూడా చెప్పినా, ఇది ఆ రోగం కాదు, ఎండదెబ్బేలే, భయపడొద్దని."

రత్నమణి చెంబు ఎత్తి వాకిట్లో పారబోసి, సంచిలోని సెలైను షాహీదాబీకి ఎక్కించి, జీపు కోసం సర్దార్‌ను పంపి, పక్కింటి తలుపు తట్టింది. ఆ ఇంట్లో ముసలాయన గోడకానుకుని వాంతి చేసుకుంటున్నాడు. ఆ పై ఇంట్లో ఇద్దరు పిల్లలు. మలుపు దగ్గరి ఇంటికి తాళం. అడిగితే, ప్రొద్దుటూరుకు పోయి నాలుగు రోజులైందని పక్కవాళ్ళు గొణిగారు. ఎవరూ బయటికి చెప్పలేదు. చెబితే రెడ్డి కట్టించిన ట్యాంకు చెడ్డదన్నట్టు. చెబితే కింద వీధికి అలుసు.

అందరికీ ఒకే నీళ్ళు. ఒకే ట్యాంకు. కింద వీధి పైపు ఎక్కడా పగల్లేదు. తాను తిరిగిన చోట బొట్లు పడ్డాయి, తిరగని చోట తెల్లగా మిగిలింది. ఇంజినీరు గీత లాగింది జబ్బు మీద కాదు, ఆమె అడుగుల మీద. జిల్లా ఆఫీసువాళ్ళను అన్నేసి మాటలన్నది. వాళ్ళ పచ్చ రంగుకూ తన తెలుపుకూ తేడా ఏముంది? ఎస్సై అంటించమన్న అబద్ధం తాను పట్టుకుని వేలాడిన నిజం కంటే ఎక్కువ నిజం. ఆ తలపు వచ్చేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

జమాల్ జీపు తెచ్చాడు. మొన్నటి గుండ్రాయి మాట ఎత్తలేదు. రత్నమణి షాహీదాబీని వెనక సీట్లో పడుకోబెట్టి, సెలైను సీసా సర్దార్ చేతికిచ్చి ఎత్తి పట్టుకోమంది. జమ్మలమడుగు వైపు జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

రత్నమణి నేరుగా ట్యాంకు దగ్గరికి పోయింది. నీళ్ళు వదిలే పాలయ్య కింద నీడలో కూర్చుని ఉన్నాడు.

"వాల్వు కట్టెయ్ పాలయ్య మామా. ట్యాంకు నీళ్ళు ఎవురికీ వదలద్దు."

"రెడ్డి చెప్పాల గదమ్మా."

"ఏ రెడ్డీ చెప్పడు. స్పానరు ఇటియ్యి."

పాలయ్య ఇవ్వలేదు. కాదనీ అనలేదు. స్పానరు పక్కన పెట్టి బీడీ ముట్టించుకునే నెపంతో అటు తిరిగాడు. ఆమె తీసుకుంది. వాల్వు తుప్పు పట్టి ఉంది. చీర కొంగు చుట్టి రెండు చేతులా బలం పెట్టి తిప్పింది. అరచేతి తోలు లేచింది. చివరికి పైపులో చప్పుడు ఆగింది.

ముందు పై వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చారు. "కింద వీధి రెడ్డి చెప్తే మా నీళ్ళు కట్టేస్తావా? నీ ఊరా ఇది?" అన్నారు. ఆమె సంగతి చెప్పింది. ట్యాంకే చెడిపోయిందని, ట్యాంకరు నీళ్ళు రెండు వీధులూ పంచుకోవాలని, డాక్టరుకు ఫోను చేయించానని చెప్పింది. ఆ మాట దిగువకు పోయింది. కాసేపటికి కింద వీధి కదిలి వచ్చింది. అందరికంటే ముందు కమలమ్మ.

"మా ట్యాంకరు వాళ్ళకు ఎట్ల ఇస్తావు మేయ్? మా ఇంట్లో ఉండి, మా కూడు తిని, ఆ పక్కకు పోతావా? ఆ పటం గీసింది నువ్వేగా, దాంట్లో వాళ్ళకు రోగం యాడుండాది?"

"అదే గదా మేమూ అడుగుతాండేది!" అంది పై వీధిలోంచి ఒకామె.

రెండు వీధులవాళ్ళూ ఒక్కమాట మీద నిలబడడం రత్నమణి ఈ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. అందరూ కలిసి ఆమెనే తిట్టారు. ఆమె వాల్వుకు వీపు ఆనించి స్పానరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తిట్టండి. ఎంతసేపన్నా తిట్టండి. నేను మాత్రం లేయను," అంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. ఏడుస్తూనే కూర్చుంది.

పొద్దు వాలుతుండగా జీపు తిరిగి వచ్చింది. మెల్లగా వచ్చింది. పోయేటప్పుడున్న దుమ్ము లేదు. అది వచ్చిన తీరు చూసే జనం నోళ్ళు మూశారు. వెనక సీట్లో షాహీదాబీ మీద దుప్పటి నిండా కప్పి ఉంది. జమ్మలమడుగు పొలిమేర కూడా చేరకముందే పోయిందని జమాల్ ఎవరితోనో చెప్పాడు.

సర్దార్ దిగి ట్యాంకు దగ్గరికి నడిచి వచ్చాడు. జనం దారి ఇచ్చారు. కొడతాడేమో అనుకుంది రత్నమణి. కొట్టినా బాగుండునని కూడా అనుకుంది.

"నర్సమ్మా, ఆ పటంలో మా ఇల్లు ఉండాదా?"

"ఉండాదన్నా. గీసినా."

"గీసినావు గదా. మరి బాగుండామని నీకు ఎవురు చెప్పినారు?"

జమాల్ పేరు చెప్పొచ్చు. అతను అక్కడే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. రెడ్డి పేరు, పార్టీ పేరు, ఖాళీ పోస్టు పేరు, అన్నీ చెప్పొచ్చు. అన్నీ నిజాలే.

"టీ అంగడి కాడ అడిగినా అన్నా. మీ గడప కాడికి రాలేదు."

సర్దార్ తల ఊపాడు. కోపం లేదు, క్షమ లేదు. తెలుసుకోవాలని అడిగాడు, తెలుసుకున్నాడు. తిరిగి జీపు వైపు నడిచాడు. మగవాళ్ళు నలుగురు అతని వెంట పోయారు.

ఎవరూ ఆమెను తిట్టడం లేదు. ఖాళీ బిందెలు అలాగే చంకన పెట్టుకుని ఎవరి వీధికి వాళ్ళు మళ్ళారు. రత్నమణి స్పానరు పాలయ్యకు ఇచ్చి, వాల్వు తాకితే ఊరుకోనని చెప్పింది. సంచి తీసుకుంది. కింద వీధి వైపు దిగలేదు. పై వీధి మొదటి ఇంటి ముందు ఆగి తలుపు కొట్టింది.

ఆ ఇల్లు ఖమర్‌బీది. చేతులు పైటకు తుడుచుకుంటూ తలుపు సగం తీసి, నర్సమ్మను చూసి అలాగే నిలబడింది.

"మీ ఇంట్లో ఎవురికన్నా వాంతులు, బేదులు ఉండాయా అమ్మా?"

"ఇన్ని దినాలకు అడిగినావా?" అంది ఖమర్‌బీ. తలుపు పూర్తిగా తీసింది.